కడగని చెంచాలు

సంకెళ్ళు చూడగానే ఎతెల్వీనా పిన్ని తనంతట తనే రెండు చేతులూ చాపింది. చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఉండు నాయనా, పిండి అంటుకుంది. ఆ ఇనుముకి పిండి పూస్తే దానికి ఇంకో కేసు పెడతారు మీరు" అని, ఏప్రన్‌కి శుభ్రంగా తుడుచుకుని అప్పుడు చాపింది.

ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్ ఆ ఊరివాడే. నిన్న మధ్యాహ్నం ఆ చేతులు వడ్డించిన సూప్ మారు అడిగి మరీ తాగినవాడే. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెయ్యకు" అంది గుమ్మంలోంచి జుల్మీరా.

"వెయ్యి" అన్నాడు లోపల్నుంచి నొరోన్యా.

పాపం కానిస్టేబుల్, సంకెళ్ళని బల్లమీద పెట్టి, నాకేం తెలీదన్నట్టు కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ జుల్మీరా దుత్రా ఈ దీవి పోలీసు. ఈ సెర్రా వేల్యా ఊళ్ళోనే పుట్టింది. ఇన్‌స్పెక్టర్ వాస్కో నొరోన్యా లిస్బన్ నుంచి రాత్రి విమానంలో దిగాడు. దిగడం దిగడమే కేసు తేల్చేశాడు కూడా. మధ్యాహ్నం విమానానికి ముద్దాయిని వెంటబెట్టుకుని వెళ్ళిపోవాలని ఆయన తొందర.

తొందర ఉండదూ మరి? విషం తిని పడిపోయింది అల్లాటప్పా మనిషి కాదు. తొమ్మిది దీవుల ప్రాంతీయ అధ్యక్షుడు ఉర్బానో సిల్వేరా.

నిన్న పరిశుద్ధాత్మ సోమవారం. దీవులకి స్వయంపాలన పండగ కూడా అదే. ఆ రోజు ఊరూరా సూప్ కాచి, వచ్చినవాళ్ళందరికీ ఊరికే పెడతారు. చీటీలో పేరొచ్చినవాడు ఆ ఏడు విందు ఇవ్వాలి. ఈ ఏడు సెర్రా వేల్యాలో చీటీ తీస్తే సాక్షాత్తూ అధ్యక్షుడి పేరొచ్చింది. ఈ ఊరి బిడ్డే కదా, ఆయన పేరూ ఆ డబ్బాలో ఉంది. కోటు విప్పి, ఏప్రన్ కట్టుకుని, ఊరందరికీ తనే వడ్డించాడు. ఆఖర్న తనూ తిన్నాడు. గంట తిరక్కముందే వాంతులు పట్టుకుని, గుండె నెమ్మదించి, కుప్పకూలిపోయాడు. ఇప్పుడు పట్నంలో, ఆంగ్రా ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడున్నాడు. ఈ దీవిలో గోడల పక్కన ఊదారంగు గంటల్లా పూసే మొక్క ఒకటుంది. దాని ఆకులోంచి గుండెకి మందు తీస్తారు. మోతాదు మించితే అదే గుండెని ఆపేస్తుంది. ఆయన గిన్నెలో దొరికింది ఆ మందే.

"కేసు చెప్పండి, వింటాను" అంది జుల్మీరా కుర్చీ లాక్కుని. "నిజమని తోస్తే విమానం దగ్గరికి నేనే దింపుతాను."

నొరోన్యా నవ్వాడు. తెలివైనవాడే, కాదనలేం. కాకపోతే తన తెలివి ఎదుటివాళ్ళు కూడా చూసి సంతోషించాలనే రకం.

"మీ ఊరి ఆచారం నాకన్నా మీకే తెలుసు మేడమ్. విందు ఇచ్చినవాడు అందరికీ పెట్టాక, చివర్న కృతజ్ఞత గిన్నె అని ఒకే ఒక్కటి నింపిస్తాడు. జన్మలో ఎవరికి రుణపడ్డాడో ఆ మనిషిని పక్కన కూచోబెట్టుకుంటాడు. ముందు ఆ మనిషి మూడు చెంచాలు తినాలి. తర్వాత వంటావిడ ఒక గరిటె వేడి సూప్ పైన పోస్తుంది. అప్పుడు ఇచ్చినవాడు మిగతాదంతా తినేస్తాడు. అంతేనా?"

"అంతే."

"నిన్న ముందు తిన్నది డాక్టర్ ఆన్సెల్మో మెనేజెస్. ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడి మనవరాలికి ఆపరేషన్ చేసి బతికించిన మనిషి. మూడు చెంచాలు తిన్నాడు, రాయిలా ఉన్నాడు. ఆ గిన్నెలో ఉన్న మోతాదుకి ఒక్క చెంచా తిన్నా కడుపులో తిప్పి ఉండేదని ల్యాబ్ వాళ్ళు అంటున్నారు. అంటే ఆయన తిన్నప్పుడు విషం లేదు. అధ్యక్షుడు తిన్నప్పుడు ఉంది. మధ్యలో గిన్నెలో పడింది ఏమిటి? గరిటెడు సూప్. పోసింది ఎవరు?"

"నేనే" అంది పిన్ని పొయ్యి దగ్గర్నుంచి.

"చూశారా? ఆవిడే ఒప్పుకుంటోంది."

"పోసింది నేను కాక నీ మేనత్తా?" అంది పిన్ని. "ఇరవై ఏళ్ళ నించీ నేనే పోస్తున్నాను."

నొరోన్యా వినిపించుకోలేదు. "పుదీనా బుట్టలో ఆ విషపు ఆకు దొరికింది. ఇక కారణం. కొత్త రోడ్డు కోసం ప్రభుత్వం ఈవిడ పచ్చికబీడు కొంత తీసుకుంది. రోడ్డు ప్రారంభం రోజున ఊరందరి ముందూ అధ్యక్షుణ్ణి పట్టుకుని ఏమన్నదో చెప్పమంటారా? 'ఉర్బానో, వచ్చే పండక్కి నా సూప్ నీ నోట్లో చేదెక్కుతుంది చూడు' అంది. చేదెక్కింది."

జుల్మీరా పిన్ని వంక చూసింది. పిన్ని తలుపు వంక చూసింది.

"ఇంకోటి" అన్నాడు నొరోన్యా గొంతు తగ్గించి. "మీ సంగతి కూడా కనుక్కునే వచ్చాను. భూకంపంలో మీ ఇల్లు కూలిపోతే ఏడాది పాటు మీ కుటుంబాన్ని తన కప్పు కింద పెట్టుకుని తిండి పెట్టింది ఈవిడే. అవునా? కృతజ్ఞత మంచి గుణమే మేడమ్. కానీ దర్యాప్తులో అది కంట్లో నలుసు."

"తవ్వి తియ్యక్కర్లేదు, అడిగితే నేనే చెప్పేదాన్ని" అంది జుల్మీరా. "ఏడేళ్ళదాన్ని. ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటీ నా మీద కప్పి, ఈవిడ గోనెసంచి కప్పుకుంది. నేనివాళ ఈ యూనిఫాంలో నిలబడ్డానంటే సగం ఈవిడ చలవే. అయినా చెబుతున్నాను. ఈవిడే చేసిందని తేలితే సంకెళ్ళు నేనే వేస్తాను. చేతులు వణికితే వణకనీ."

నొరోన్యా ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. "విమానం వేళ దాకా" అని బయటికెళ్ళి సిగరెట్టు వెలిగించుకున్నాడు.

జుల్మీరా వంటింట్లోకెళ్ళి తలుపు మూసింది. పెద్ద డేగిసాలు కడగకుండా అలాగే ఉన్నాయి. విందు ముగిసిందని పాటగాళ్ళు మూడోనాడు వచ్చి పాడేదాకా ఈ ఊళ్ళో పండగ గిన్నెలు కడగరు. పిన్ని మాత్రం చేతులు ఊరికే ఉంచలేక తీపి రొట్టెకి పిండి పిసుకుతోంది.

"ఎవరికీ రొట్టె?"

"ఆసుపత్రిలో ఉన్నాడుగా ఒకడు. లేచాక ఆకలేయదూ?"

"పిన్నీ, ఆయన్నెందుకు తిట్టావు?"

"నేను తిట్టనివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడే? పోలీసుల్లో చేరతానన్నప్పుడు నిన్ను తిట్టలేదూ? రోడ్డు మంచిదే, అంబులెన్సు తొందరగా వస్తోంది. కానీ నా ఆవులు నడిచే దోవ పోయింది, ఒళ్ళు మండింది, తిట్టాను. మర్నాడు ఒక్కడే వచ్చాడు. కొట్టంలో ముక్కాలిపీట వేసుకుని కూచుని, మిగిలిన తిట్లు కూడా తిట్టమన్నాడు. తిట్టాను. పాలు తాగి వెళ్ళాడు. వారం తిరక్కుండా కొండవైపు పచ్చిక ఇప్పించాడు. అలాంటి మనిషికి నేను విషం పెడతానా? ఇన్ని దీవులకి పెద్దవాడై ఉండి నా కొట్టంలో కూచున్నాడే!"

కళ్ళ నీళ్ళు పిండిలో పడతాయని మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇదంతా ఆ లిస్బనాయనకి చెప్పావా?"

"అడిగితేగా. 'పోశావా పోయలేదా' అన్నాడు. పోశానన్నాను."

జుల్మీరాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నిన్న పొద్దున్న ఆయనతో నువ్వేమైనా మాట్లాడావా?"

పిన్ని చేతులు ఆగాయి. "మాట్లాడాను. కానీ అది వంటింటి మాట. బయటికి పోకూడదు."

"మనం ఉన్నదీ వంటింట్లోనేగా. ఆయన ప్రాణం మీదికొచ్చింది పిన్నీ. నీ ప్రాణం మీదికీ వచ్చింది."

పిన్ని మళ్ళీ పిండి పిసకడం మొదలెట్టింది. "ఉల్లిపాయలు తరుగుతానని వచ్చి కూచున్నాడు. మనిషి దిగులుగా ఉన్నాడు. ఈ పదవీకాలం అయిపోతే ఇక నిలబడనన్నాడు. 'ఆన్సెల్మో నా మనవరాలికి ఊపిరి పోశాడు పిన్నీ, చచ్చేదాకా ఆయనకి రుణపడి ఉంటాను, ఇవాళ గిన్నె ఆయనకే ఇస్తాను' అన్నాడు. 'కానీ నా తర్వాత ఆ కుర్చీ ఇప్పించమని అడుగుతున్నాడు. చిన్న దీవుల ఆసుపత్రులు మూసేసి అన్నీ ఒక్కచోటే పెడతాడట. నా మనవరాలి ప్రాణం నా సొంతం, రుణం నేను తీర్చుకుంటాను. కుర్చీ నా సొంతం కాదు కదా, ఎలా ఇచ్చేది? ఇవ్వనని రాత్రే చెప్పేశాను. ఎల్లుండి సభలో కూడా చెప్పేస్తాను' అన్నాడు."

"డాక్టరు ఏమన్నాడట?"

"నవ్వి, భుజం తట్టి, అర్థమైంది అన్నాడట. దానికి ఈయన ఎంత పొంగిపోయాడనుకున్నావ్! ఎంత పెద్ద మనసు అని ఉల్లిపాయలు తరుగుతూనే కళ్ళు తుడుచుకున్నాడు."

"ఉల్లిపాయలకేమో."

"నాకు తెలీదూ ఏది ఉల్లిపాయ నీళ్ళో ఏది కాదో? నోరు మూసుకో."

జుల్మీరా నోరు మూసుకుంది. కానీ బుర్ర మాత్రం ఆగలేదు. డాక్టర్ మెనేజెస్‌కి కారణం ఉంది. మందు గురించి ఈ దీవిలో ఆయనకన్నా తెలిసినవాళ్ళు లేరు. పుదీనా బుట్ట వంటింటి గుమ్మం దగ్గరే ఉంది, పోతూ పోతూ ఎవరైనా ఒక ఆకు పడేయొచ్చు. అన్నీ కుదురుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆయన అదే గిన్నెలోంచి ముందుగా మూడు చెంచాలు తిన్నాడు.

తిన్నాడా?

వంటింటి పక్కనే విందు హాల్లో డప్పుల బాల్తజార్ తన డప్పు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూచున్నాడు. పండగ పాటగాళ్ళకి పెద్ద. ఎతెల్వీనాని తీసుకుపోతే డప్పుతో సహా పోలీసు జీపుకి అడ్డంగా పడుకుంటానని పొద్దున్నించీ బెదిరిస్తున్నాడు.

"బాల్తజార్ మామా, నిన్న డాక్టర్ తింటుంటే చూశావా?"

"చూడకేం? పక్కనే ఉన్నాను."

"చెంచా గిన్నెలో ముంచడం, నోట్లో పెట్టుకోవడం, నీ కళ్ళతో చూశావా?"

ముసలాయన డప్పు ఒళ్ళోకి లాక్కున్నాడు. "గిన్నె చేతికివ్వగానే డప్పు మొదలెట్టాలి కదమ్మా. డప్పు మోగినంతసేపూ తలొంచుకుని కళ్ళు మూసుకోవాలి. ఎవరి రుణం వాళ్ళు తలుచుకోవాలి. అది నీకు తెలీదా?"

"వాయించేవాడివి నువ్వు కూడానా?"

"నాకు మాత్రం రుణాలు లేవూ?"

"మరి హాల్లో ఎవరు కళ్ళు తెరుచుకున్నారు?"

"ఎవరు తెరుస్తారే! అధ్యక్షుడే తల బల్లకి ఆనేలా వంచి కూచున్నాడు." చెప్తూ చెప్తూనే ముసలాయనకి తను ఏం చెప్తున్నాడో తెలిసింది. చెయ్యి డప్పు మీంచి జారిపోయింది. "అమ్మో" అన్నాడు చిన్నగా.

అంతమంది మధ్యలో, పట్టపగలు, ఆ మనిషి ఒక్కడే కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. గిన్నె ఆయన రెండు చేతుల మధ్యే ఉంది.

కానీ చూసినవాళ్ళు లేకపోతే అది ఊహే. ఊహని నొరోన్యా ముందు పెడితే సిగరెట్టు పొగతో పాటు ఊదేస్తాడు. జుల్మీరా హాలు చివరికి నడిచింది. అక్కడ పూల మధ్య వెండి కిరీటం ఉంది. దాని వెనక గోడంతా చెక్క చెంచాలు. ఒక్కో ఏడు ఒక్కోటి, మేకుకి ఎర్ర రిబ్బనుతో వేలాడుతున్నాయి. కృతజ్ఞత గిన్నె తిన్నవాళ్ళు తమ చెంచాని తమ చేత్తోనే ఇక్కడ తగిలించి పోతారు. వాటిని కడగరు. కడిగితే చేసిన మేలు కడుక్కుపోతుందని ఊరి నమ్మకం.

ఆవిడ వెతికింది ఆధారం కోసం కాదు. నిజం చెప్పాలంటే ధైర్యం కోసం వెతికింది. కింద వరసలో, మూలకి, పొట్టిపిడి చెంచా ఒకటి కనిపించింది. భూకంపం తర్వాతి ఏడు నాన్న అప్పో సప్పో చేసి విందు ఇచ్చాడు. ఆ గిన్నె ఎతెల్వీనా పిన్నికిచ్చాడు. పిన్ని తింటుంటే నాన్న తలొంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ చెంచా ఇప్పటికీ వైనూ కొవ్వూ తాగిన ముదురు ఎరుపులో ఉంది. జుల్మీరా దాన్ని వేలితో తాకింది. నీ వల్లే బతికాం పిన్నీ అనుకుంది, నాన్నని తలుచుకుంది, ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా అయ్యేట్టే ఛాతీ నిండిపోయింది.

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి, పై వరస చివర్న ఈ ఏటి చెంచా కనిపించింది.

తెల్లగా ఉంది.

జుల్మీరా ఇంకో అడుగు ముందుకేసింది. పక్కది చూసింది, దాని పక్కది చూసింది. అన్నీ ఎరుపే, గోధుమే, నలుపే. పండగ సూప్‌లో ఎర్ర వైన్ ధారగా పోస్తారు. పచ్చి సీడరు చెక్క అది ఒక్కసారి తాగిందంటే ఇక తెల్లబడేది లేదు. ఈ ఒక్కటి మాత్రం చెక్కిన ఉలి కిందనుంచి నేరుగా గోడెక్కినట్టుంది.

"నొరోన్యా!" అని కేకేసింది. 'గారు' తగిలించడం మర్చిపోయింది. "మీ సంచిలో అధ్యక్షుడి చెంచా ఉందిగా, పట్రండి!"

ఆయన వచ్చాడు. ప్లాస్టిక్ సంచీలోని చెంచాని గోడ మీది చెంచా పక్కన పెట్టాడు. ఒకే కొమ్మ, ఒకే చేతి పని. ఒకటి ముదురెరుపు, ఒకటి పాలతెలుపు.

నొరోన్యా వెంటనే తగ్గలేదు. తగ్గితే ఆయన నొరోన్యా ఎందుకవుతాడు? "కడిగి తగిలించి ఉండొచ్చు" అన్నాడు.

"కడిగితే పోతుందా? పిన్నీ, ఏటా ఈ గిన్నె కోసం ఒకే కొమ్మలోంచి కొత్త చెంచాలు నాలుగు చెక్కి రెండు వాడతారు కదా, మిగిలిన రెండూ ఎక్కడ?"

పిన్ని సొరుగులోంచి తెచ్చిచ్చింది. జుల్మీరా ఒకదాన్ని నిన్నటి డేగిసాలో ముంచి తీసి నొరోన్యా చేతికిచ్చింది. "సబ్బు అక్కడుంది. మీరే కడగండి."

లిస్బన్ ఇన్‌స్పెక్టరు చొక్కా చేతులు పైకి మడిచి, సెర్రా వేల్యా వంటింటి తొట్టి దగ్గర చెంచా తోమడం మొదలెట్టాడు. తోమాడు, పీచుతో రుద్దాడు, వేడినీళ్ళు పోశాడు. పిన్ని పక్కన నిలబడి "గట్టిగా రుద్దు నాయనా, ఇంట్లో ఎప్పుడూ అంట్లు తోమినట్టు లేవే" అంటోంది. చెంచా ఎర్రగానే ఉండిపోయింది.

నొరోన్యా కుళాయి కట్టేశాడు.

"ముంచలేదు" అన్నాడు.

"ముంచలేదు. తిన్నానని వాంగ్మూలం ఇచ్చింది మాత్రం మీకే."

"ముంచి, తినకుండా ఊరుకోవచ్చుగా? ఎవరికీ తెలిసేది కాదు."

"ముంచితే విషం చెక్కకి పట్టేది. కడగని చెంచా, ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. ఎవరైనా పరీక్ష చేయిస్తే పిన్ని గరిటె పోయకముందే గిన్నెలో విషముందని తేలిపోదూ? అందుకని పొడిగా ఉంచాడు. డప్పు మోగేది మూడు చెంచాలు తినేంతసేపే, మందు ఒంపి గిన్నె కదిపి కలిపేసరికే అది సరిపోతుంది, ముందు తినే వ్యవధి ఏదీ?"

"జేబులో వేసుకుపోతే పోయేదిగా! గోడకెందుకు తగిలించినట్టు?"

"ఆయనా ఈ ఊళ్ళో పెరిగినవాడేనండీ. గిన్నె దించాక ఈ ఊరివాడి చెయ్యి నేరుగా గోడవైపే పోతుంది. మీరైతే జేబులో వేసుకునేవారు."

నొరోన్యా తడిచేతులు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగిపోయాడు.

"మేడమ్, అధ్యక్షుడు పడిపోయిన దగ్గర్నుంచీ తాత్కాలిక అధ్యక్షుడు ఆయనే. నన్ను పిలిపించిందీ ఆయనే. వైద్యం చేస్తున్నదీ ఆయనే. పన్నెండింటికి ఏదో ఇంజెక్షన్ ఇస్తానన్నాడు. గదిలో నర్సు కూడా ఉండకూడదన్నాడు."

గోడ గడియారంలో పదకొండు దాటింది.

"ఆసుపత్రి కాపలావాళ్ళు ఆయన మాట వింటారు, మన మాట వినరు" అంది జుల్మీరా. "తెల్ల చెంచా చూపించి తాత్కాలిక అధ్యక్షుణ్ణి తలుపు బయట నిలబెట్టలేం. ఆయనే బయటికి రావాలి."

"ఎందుకొస్తాడు?"

జుల్మీరా గోడ వంక చూసింది. ఫోను తీసింది.

"డాక్టర్ గారూ, నమస్కారం. జుల్మీరాని. కేసు తేలిపోయిందండీ... అవునండీ, ఇన్‌స్పెక్టర్ గారు ఇక్కడే ఉన్నారు. మీ దయవల్లే తేలింది. ఊరంతా హాల్లో చేరారు. రాత్రంతా మా ఉర్బానోని కంటికి రెప్పలా కాచారు కదా, మీకు కృతజ్ఞత గిన్నె ఇస్తామంటున్నారు. ఈసారి ఒకరి తరఫున కాదు, ఊరి తరఫున."

అవతల మెత్తటి గొంతు. "ఎంత ప్రేమమ్మా మీకు! వస్తాను. ఇక్కడ ఒక్క ఇంజెక్షన్ పనుంది, అది చూసుకుని..."

"గిన్నె నింపేశారండీ. చల్లారితే ఇవ్వకూడదు కదా, మీకు తెలియందేముంది? గిన్నె నింపాక మనిషి రాకపోతే ఊరివాళ్ళు ఏమనుకుంటారో ఏమో. రేపు మీరే మా అధ్యక్షులు కదండీ."

ఆ మాట పనిచేసింది. కుర్చీ కోసం విషం కలిపినవాడు ఊరు చేసే సన్మానం కాదంటాడా? "బయల్దేరుతున్నాను" అన్నాడు.

నొరోన్యా అప్పటికే కారు తాళాలు తీశాడు. "నేను పాతరోడ్డు మీదుగా వెళ్తాను, ఎదురుపడకుండా. ఆయన పిలిపించిన మనిషిని కాబట్టి గదిలోకి నన్ను ఆపరు." బల్ల మీది సంకెళ్ళు తీసి జుల్మీరా చేతిలో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, పిన్ని ముందు తలవంచాడు. "అమ్మా, నన్ను క్షమించు."

"తర్వాత చూద్దాంలే. ముందు వాణ్ణి కాపాడు, పో" అంది పిన్ని. తలుపు దాటాక అంది, "మంచివాడే. కాస్త తొందర."

సంగతి ఇల్లిల్లూ పాకింది. ఎవరూ అరవలేదు, ఎవరూ పరిగెత్తలేదు. పండగ బట్టలే మళ్ళీ కట్టుకుని ఒక్కొక్కరే వచ్చి బెంచీల మీద కూచున్నారు. పిన్ని కొత్త సూప్ కాచింది. మాంసం, క్యాబేజీ, పుదీనా, ఎర్ర వైన్. అంత కంగారులోనూ ఉప్పు మాత్రం తప్పలేదు.

ఉపాధ్యక్షుడి నల్లకారు గుమ్మం ముందు ఆగేసరికి జుల్మీరా ఫోను మోగింది. నొరోన్యా. ఆయాసపడుతున్నాడు. "సిరంజి నా చేతిలో ఉంది. అందులో ఉన్నది ఏ కాగితంలోనూ రాయని మందు అంటున్నారు. ఇక్కడ వేరే డాక్టరుని పెట్టాను. ఇంకో సంగతి మేడమ్, అధ్యక్షుడు కళ్ళు తెరిచాడు. మొట్టమొదట అడిగింది ఏమిటో తెలుసా? 'ఎతెల్వీనా పిన్ని కంగారుపడుతోందేమో, చెప్పండి' అన్నాడు."

జుల్మీరా ఆ మాట పిన్ని చెవిలో చెప్పింది. పిన్ని గరిటె పట్టుకునే గోడకి ఆనుకుని, దేవుడా నీకు దణ్ణం అంది.

డాక్టర్ ఆన్సెల్మో మెనేజెస్ అందరికీ చేతులు జోడిస్తూ వచ్చి కూచున్నాడు. అందగాడు, నెమ్మదస్తుడు. అందరి కళ్ళల్లో తడి చూసి ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, చిత్రం. జుల్మీరా గిన్నె పెట్టింది. సొరుగులో మిగిలిన కొత్త చెంచా చేతికిచ్చింది. బాల్తజార్ డప్పు మొదలెట్టాడు.

డాక్టరు ఈసారి భయం లేకుండా తిన్నాడు. మూడు చెంచాలూ నిండా తీసుకుని తిన్నాడు. తింటూ తలెత్తాడు.

హాల్లో ఒక్కరూ తలొంచుకోలేదు. ఒక్కరూ కళ్ళు మూసుకోలేదు. డప్పు మోగుతూనే ఉంది, ఊరు ఊరంతా ఆయన చేతినే చూస్తోంది.

ఆయన కొంచెం తడబడ్డాడు. తడబడి, అలవాటునే నమ్ముకున్నాడు. లేచి, చెంచాకి రిబ్బను కట్టి, కిరీటం వెనక్కి నడిచాడు. పై వరస చివర ఖాళీ మేకు వైపు చెయ్యెత్తాడు. పక్క మేకుకి నిన్నటి చెంచా తెల్లగా వేలాడుతోంది. చేతిలోది అదే కొమ్మది, మూడు మునకలకే నెత్తురులా ఎర్రబడి ఉంది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. డప్పు ఆగిపోయింది.

"తగిలించండి డాక్టర్ గారూ" అంది జుల్మీరా వెనకనుంచి, సంకెళ్ళు చేత్తో పట్టుకుని. "ఇవాళ మీరు నిజంగానే తిన్నారు."